ఎండిన లేన్‌కు పాత బంతి

బౌలింగ్ లేన్ చూడటానికి ఈ చివర నుంచి ఆ చివరదాకా ఒకేలా మెరుస్తుంది. కానీ ఫౌల్ లైన్ నుంచి ముందు పిన్నుకు ఉన్న 60 అడుగుల్లో, సాధారణంగా మొదటి 40 అడుగుల మేరే యంత్రంతో పలుచగా నూనె పూస్తారు. నూనె మీద బంతి జారుతుంది. అది దాటాక పట్టు దొరికి, వంపు తిరిగి పిన్నుల్లోకి దూసుకెళ్తుంది. అమెరికా లీగ్ ఆటల్లో రెండో, మూడో గేమ్ వచ్చేసరికి వేసిన ప్రతి బంతీ కాస్త నూనెను ఎత్తుకుపోయి ఉంటుంది. అలా ఎండిన లేన్ మీద, నూనెలో కూడా పట్టు కోసం చేసిన ఖరీదైన కొత్త బంతి ముందే మలుపు తిరుగుతుంది. కుడిచేతివాటం ఆటగాడు వేసినదైతే ముందు పిన్నుకు ఎడమగా పోతుంది. లేదా బలమంతా దారిలోనే పోయి పిన్నుల దగ్గర నీరసపడుతుంది. మూలన పడేసిన పాత బంతి అక్కరకొచ్చేది ఇక్కడే.

పాత బంతుల్లో ఏది తీసుకోవాలో పై పొరే చెబుతుంది. 1960ల నాటి నుంచి వాడుకలో ఉన్న పాలియెస్టర్, అంటే ప్లాస్టిక్, నూనెను పీల్చదు, లేన్‌ను గట్టిగా పట్టదు. లేన్ పూర్తిగా ఎండితే అదే క్షేమం. 1990ల మొదట్లో వచ్చిన రియాక్టివ్ రెజిన్‌కు కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. ఏళ్ల తరబడి నూనె తాగి అది పట్టు కోల్పోతే ఆటగాళ్లు ‘చచ్చిన బంతి’ అంటారు. సగం ఎండిన లేన్‌కు మాత్రం నున్నగా పాలిష్ చేసిన ఈ చచ్చిన బంతే ప్లాస్టిక్ కన్నా మేలు: జారాల్సినంత జారి, చివర్లో కాస్తయినా తిరుగుతుంది.

బంతి లోపల ఉండే గుండు (కోర్) బలం తెలుసుకోవడానికి, ఒకసారి వేసి వెనక్కి వచ్చిన బంతిని వెలుతురులో తిప్పి చూడాలి. నూనె చారలు విసనకర్రలా విచ్చుకుంటే గుండు బలమైనది. ప్రతి చుట్టులోనూ పొడి చోటు లేన్‌కు తగిలి పట్టు పెరుగుతుంది. చారలన్నీ దాదాపు ఒకదానిమీద ఒకటి పడితే ఎండిన లేన్‌కు సరైన బంతి దొరికినట్టే.

కొనేముందు రెండు వేళ్ల రంధ్రాల మధ్య సన్నటి భాగాన్ని గోటితో గీసి చూడాలి. అక్కడి చిన్న బీటను పూడ్చవచ్చు. బంతి చుట్టూ పాకిన బీటయితే వదిలేయడమే మంచిది. ఎండలో నిలిపిన కారు డిక్కీలో ఉంచిన బంతులకు ఈ ముప్పు ఎక్కువ. పాత యజమాని రంధ్రాలు కొత్త చేతికి అమరకపోతే వాటిని పూడ్చి మళ్లీ తొలిపించాలి. తూకం కోసం తొలిచిన అదనపు రంధ్రం ఉంటే దాన్నీ పూడ్చాల్సిందే: అమెరికా బౌలింగ్ సంస్థ యూఎస్‌బీసీ 2020 ఆగస్టు 1 నుంచి వాటిని నిషేధించింది.

మామూలుగా పాత రెజిన్ బంతిని గోరువెచ్చని సబ్బునీటిలో ఉంచి లోపలి నూనెను లాగుతారు. ఎండిన లేన్‌కు ఆ శ్రమ అక్కర్లేదు. పైనున్న జిడ్డు, మురికి పోతే చాలు. ప్లాస్టిక్‌ను అసిటోన్ వంటి ద్రావకాలతో తుడవకూడదు, పై పొర మెత్తబడుతుంది. 1973లో బౌలర్ డాన్ మెక్యూన్ బంతిని రసాయనంలో నానబెట్టి కావాలనే మెత్తబరిచి, ఆ ఏడాది ఆరు టైటిళ్లు గెలిచాడు. ఆ తర్వాతే బంతి గట్టిదనానికి నియమాలు వచ్చాయి.

అసలు పని నునుపు చేయడంలో ఉంది. ముందు 1000 నంబరు గరుకు ప్యాడ్‌ను తడిపి, బంతిని అన్ని వైపులా తిప్పుతూ సమానంగా రుద్దాలి. బంతి రంగే కలిసిన చిక్కటి నీరు కారుతుంది, పాత గీతలు మాసిపోతాయి. తర్వాత 2000, 4000, చివర పాలిష్. ఒక వైపు ఎక్కువ, మరో వైపు తక్కువ రుద్దితే బంతి ఒక్కోసారి ఒక్కోలా పోతుంది. పోటీ మొదలయ్యాక పై పొరను మార్చడానికి నియమాలు ఒప్పుకోవు కాబట్టి, ఇదంతా ముందురోజే ముగించి, సాధనలో వేసి చూడాలి. ఇంకా ముందే తిరుగుతుంటే మరోసారి పాలిష్ పెట్టాలి. అసలు తిరగకపోతే 2000 ప్యాడ్‌తో తేలిగ్గా రుద్ది మెరుపు తగ్గించాలి.