డిస్కు మీద బొమ్మ ఎందుకు రాలేదు?

ఆగిరిపల్లిలో ఒక ఇంట పెళ్లి జరిగిందనుకోండి. మామిడిపండ్ల రోజులు. చుట్టాలు తలా ఒక ముక్క వీడియో తీశారు: ఒకరు సెల్‌ఫోనుతో, ఒకరు పాత చిన్న కెమెరాతో, అమెరికా నుంచి వచ్చిన బాబాయి తన హ్యాండీక్యామ్‌తో. అన్నింటినీ ఒక డీవీడీ మీదికి కాపీ చేసి అమ్మమ్మగారి ప్లేయరులో పెడితే, అది కాసేపు గిర్రున తిరిగి ఊరుకుంది. బొమ్మ రాలేదు. అదే డిస్కు కంప్యూటరులో చక్కగా ఆడుతోంది! లోపం ఎక్కడుంది?

నూజివీడు వైపు తోటల్లో కాయలు కోసి, ఎండుగడ్డి పరిచి బుట్టల్లో సర్దుతారు గదా. బుట్టలన్నీ ఒకేలా ఉన్నా ఒకదానిలో బంగినపల్లి, ఇంకొకదానిలో చిన్నరసం ఉండవచ్చు. వీడియో ఫైలూ అంతే. పేరు చివర కనిపించే ఎంపీ4, ఏవీఐ, ఎంఓవీ అనేవి బుట్టల పేర్లు మాత్రమే. లోపల బొమ్మను ఏ పద్ధతిలో కుదించి పెట్టారో అది వేరే సంగతి. ఆ పద్ధతిని ‘కోడెక్’ అంటారు.

అసలు కుదించడం ఎందుకు? మీరే లెక్క కట్టండి. మన దేశపు టీవీ పద్ధతికి తగిన డీవీడీ బొమ్మలో అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలుంటాయి. మొత్తం 4,14,720. సెకనుకు 25 బొమ్మలు. ఒక్కో చుక్క రంగుకు 3 బైట్లు వేసుకుంటే సెకనుకు సుమారు 3 కోట్ల 11 లక్షల బైట్లు! డీవీడీలో పట్టేది 470 కోట్ల బైట్లు. అంటే రెండున్నర నిమిషాలకే డిస్కు నిండిపోతుంది. తాళి కట్టేదాకా కూడా రాదు.

అందుకని ఒక ఉపాయం పన్నారు. రథసప్తమి ఉత్సవాల్లో రథం కదులుతుంది, వెనకనున్న శోభనాచలం కొండ కదలదు. కెమెరా నిలకడగా ఉంటే ఆ కొండను సెకనుకు 25 సార్లు రాయడం దండగ. ఒక బొమ్మను పూర్తిగా రాసి, తరువాతి వాటిలో మారిన భాగాలను మాత్రమే రాస్తే చాలు. కంటికి ఆనని సన్నని వివరాలను కూడా కొంత వదిలేస్తారు. ఇలా సుమారు యాభయ్యో వంతుకు కుదిస్తేనే రెండు గంటల సినిమా ఒక డిస్కులో ఇముడుతుంది.

డీవీడీ ప్లేయర్లు మొదట 1996లో జపానులో అమ్మకానికి వచ్చాయి. వాటి చిప్పుకు నేర్పింది ముఖ్యంగా ఎంపెగ్-2 అనే పద్ధతి. నేటి ఫోన్లలో విరివిగా వాడే హెచ్.264 పద్ధతి 2003లో గానీ ఖరారు కాలేదు. ఆ పాత పెట్టెకు ఈ భాష ఎలా తెలుస్తుంది? కంప్యూటరుకైతే కొత్త భాష నేర్పవచ్చు. అందుకే అది ఆడించింది.

కాబట్టి ముక్కలన్నింటినీ ముందు ఒక్క తీరుకు తేవాలి. ఫోను సాధారణంగా సెకనుకు 30 బొమ్మలు తీస్తుంది. వాటిని 25 చేయాలంటే ఆరింటికొకటి తీసేయాలి. కెమెరాను గబగబా తిప్పినచోట కొంచెం కుదుపు కనిపిస్తుంది. ధ్వనిని సెకనుకు 48,000 నమూనాలకు మార్చాలి. ఫోను నిలువుగా పట్టి తీసిన బొమ్మకు ఇరుపక్కలా నల్లపట్టీలు తప్పవు. తెర నిండాలని అడ్డంగా సాగదీస్తే పెళ్లికొడుకు గుమ్మడికాయలా తయారవుతాడు!

బాబాయికి మాత్రం వేరే డిస్కు చేయాలి. అమెరికాలో 480 వరుసలు, సెకనుకు సుమారు 30 బొమ్మలు. తొలినాళ్లలో టీవీని కరెంటు లయతో జతచేశారు. అక్కడ సెకనుకు 60 ఆవృత్తులు, మన దగ్గర 50. మన ప్లేయర్లు చాలావరకు రెండు రకాలనూ ఆడిస్తాయి గానీ అక్కడివి చాలావరకు మన రకాన్ని ఆడించవు.

ఇక అసలు జాగ్రత్త. పండును ఒక బుట్టలోంచి మరో బుట్టలోకి మారిస్తే పండుకేమీ కాదు. కాని రసం పిండి తాండ్ర చేశాక మళ్లీ పండు రాదు. కోడెక్ మార్చడం తాండ్ర చేయడం లాంటిది. ఫోను బొమ్మలో 1920 × 1080, అంటే 20,73,600 చుక్కలుంటే డీవీడీలో మిగిలేది సరిగ్గా అయిదో వంతు. ‘డిస్కు చేశాం గదా’ అని ఫోనులోని మూలాన్ని చెరిపేస్తే మిగతా నాలుగు వంతులు శాశ్వతంగా పోయినట్టే. పైగా ఇంట్లో రాసుకునే డిస్కులో గుర్తులు నిలిచేది ఒక రంగుపూత మీద. ఎండ తగిలితే అది పాడవుతుంది. మూలాలను వేరే రెండు చోట్ల దాచి, ఆ తరువాతే మార్పిడి మొదలుపెట్టండి.

డీవీడీ స్టైలర్ వంటి ఉచిత ప్రోగ్రాములు ఈ మార్పిడి చేసి, ప్లేయరు వెతికే ‘వీడియో టీఎస్’ అనే అరను కూడా డిస్కులో అమరుస్తాయి. ముందు చెరిపి రాయగల డిస్కు మీద పది నిమిషాల ముక్క రాసి, అమ్మమ్మగారి ప్లేయరులోనే చూడండి. పెదవుల కదలికకూ మాటకూ పొత్తు కుదిరిందా అని చివరి నిమిషం దగ్గర గమనించండి. తేడా వస్తే ఎక్కువగా అక్కడే బయటపడుతుంది.