కప్పు గెలిచాక అసలు ఆట



పేపరు రాగానే ఆటల పేజీ మగవాళ్ళకు వదిలేసి, మిగిలిన కాగితాలు మనం తీసుకోవడం చాలా ఇళ్ళలో అలవాటే. కాని పదిహేనేళ్ళ ఆడపిల్ల ఒకతె కప్పు పట్టుకుని నవ్వుతున్న ఫోటో పడిందనుకోండి, మన చూపు అక్కడ ఆగిపోతుంది. "ఎవరి పిల్లో! ఇంక దానికేం, లక్షలు సంపాదిస్తుంది" అనుకుంటాం. ఇంట్లో రాకెట్టు పట్టుకు తిరిగే పిల్ల ఉంటే ఇంకో ఆలోచన కూడా వస్తుంది. మన దాన్ని కూడా స్కూలు మానిపించి పూర్తిగా ఆటలో పెడితేనో, అని. ఆ ఆలోచన ఉన్నవాళ్ళ కోసమే ఈ నాలుగు మాటలు. జూనియర్ కప్పుకీ, ఆటే జీవనోపాధిగా బతికే ప్రొఫెషనల్ జీవితానికీ మధ్య దారి ఎలా ఉంటుందో తెలిస్తే, ఆ నిర్ణయం కాస్త నిదానించి తీసుకుంటాం.

మనందరికీ తెలిసిన పిల్ల కథే చూద్దాం. సానియా మీర్జా 1986 నవంబరులో బొంబాయిలో పుట్టినా, పెరిగిందీ, ఆట నేర్చుకున్నదీ మన హైదరాబాదులోనే. ఆరేళ్ళప్పుడు రాకెట్టు పట్టింది. ఇంత చిన్నపిల్లకి నేర్పనని కోచ్ మొదట వెనక్కి పంపబోతే తల్లి ఊరుకోలేదట. నెల తిరిగేసరికి ఆ కోచే ఇంటికి ఫోన్ చేసి, ఈ వయసులో ఇంత బాగా ఆడేపిల్లని చూడలేదన్నాడట. తరువాత ఎక్కువకాలం తండ్రే దగ్గరుండి ఆడించాడు.

2003 జూలైలో, పదహారేళ్ళ వయసులో, రష్యా అమ్మాయి అలీసా క్లేబనోవాతో కలిసి సానియా వింబుల్డన్ బాలికల డబుల్స్ గెలిచింది. పేపర్లన్నీ ఫోటోలు వేశాయి. ఆ ఏడాదే ఫిబ్రవరిలో జరిగిన సంగతి మాత్రం చాలామందికి గుర్తుండదు. హైదరాబాదులో అప్పట్లో పెద్ద మహిళా ప్రొఫెషనల్ టోర్నమెంటు ఒకటి జరిగేది. సొంత ఊరి పిల్ల కదా అని నిర్వాహకులు ఆమెకు అందులో చోటిచ్చారు. దీన్నే వైల్డ్ కార్డ్ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే, అర్హత లెక్క చూడకుండా పంపిన ప్రత్యేక ఆహ్వానం. ఆ అమ్మాయి మొదటి రౌండులోనే ఓడిపోయింది. వింబుల్డన్ కప్పు గెలిచాక, 2004లో మళ్ళీ అదే టోర్నమెంటు, మళ్ళీ వైల్డ్ కార్డ్. సింగిల్స్ లో మళ్ళీ మొదటి రౌండులోనే ఓటమి. అయితే ఈసారి దక్షిణాఫ్రికా క్రీడాకారిణి లీజెల్ హ్యూబర్ తో కలిసి డబుల్స్ గెలిచింది. 2005 ఫిబ్రవరిలో మూడోసారి దిగి, ఫైనల్లో ఉక్రెయిన్ అమ్మాయి అలోనా బొండరెంకోని ఓడించి సింగిల్స్ కప్పు అందుకుంది. ఆ స్థాయిలో సింగిల్స్ గెలిచిన మొదటి భారత మహిళ ఆమే.

ఒకే ఊరు, ఒకే టోర్నమెంటు, మూడు సంవత్సరాలు. వింబుల్డన్ లో కప్పు గెలిచిన పిల్ల ఇంటి దగ్గర తొలి మెట్టు దాటలేకపోవడం ఏమిటంటారా? జూనియర్లలో అవతలి పిల్ల కూడా పద్దెనిమిది లోపుదే. ప్రొఫెషనల్ ఆటలో అవతల నిలబడేది ఇరవై ఎనిమిదేళ్ళ ఆవిడ కావచ్చు, పదేళ్ళుగా ఇదే పనిగా దేశాలు తిరుగుతున్న మనిషి కావచ్చు. పదో తరగతిలో జిల్లా ఫస్టు వచ్చిన పిల్లని మరుసటి ఏడే ఉద్యోగం పరీక్షకి, అనుభవమున్నవాళ్ళ పక్కన కూర్చోబెట్టినట్టన్నమాట. పిల్ల తెలివి తగ్గలేదు, పరీక్షే మారిపోయింది.

మరి ఆ మధ్య కాలంలో ఏం జరుగుతుంది? మన దేశంలో 12, 14, 16, 18 ఏళ్ళ లోపు పిల్లలకు వేరువేరుగా పోటీలుంటాయి. పదమూడేళ్ళు నిండితే అంతర్జాతీయ జూనియర్ పోటీలకు వెళ్ళవచ్చు. వాటిలో కప్పేగాని డబ్బు బహుమతి ఉండదు. ఆ పైన చిన్న ప్రొఫెషనల్ టోర్నమెంట్లు. ఇప్పుడు వాటిలో అన్నిటికంటే చిన్నదాని మొత్తం బహుమతి 15 వేల డాలర్లు. మొత్తం అంటే గెలిచిన పిల్లకే కాదు సుమండీ, సింగిల్స్, డబుల్స్ ఆడినవాళ్ళందరికీ కలిపి. మొదటి రౌండులో ఓడినవాళ్ళకు వచ్చేది విమానం టిక్కెట్టులో ఏ మూలకీ రాదు. ఇవి ట్యునీషియాలో మొనాస్టిర్, ఈజిప్టులో షర్మ్ ఎల్ షేక్ వంటి ఊళ్ళలో వారం వెంట వారం జరుగుతూ ఉంటాయి. అక్కడ కెమెరాలుండవు, చప్పట్లుండవు. ఓడిన పిల్ల గదికి వచ్చి బట్టలు ఉతుక్కుని మరుసటి వారం పోటీకి తయారవ్వాలి. సానియా 2001 నుంచే ఇలాంటివి ఆడుతూ వచ్చింది. 2004 ఒక్క ఏడాదిలో ఈ చిన్న టోర్నమెంట్లలోనే ఆరు సింగిల్స్ గెలిచింది. 2005లో మనం టి.వి.లో చూసిన పిల్ల అక్కడ తయారైంది.

ఇక రాంకింగ్ అనే మాట తరచు వింటూంటాం. అది గడిచిన 52 వారాల లెక్క. ఈ వారం సంపాదించిన పాయింట్లు వచ్చే ఏడాది ఇదే వారానికి చెల్లిపోతాయి. ఏడాదికి సరిపడా పెట్టుకున్న ఆవకాయ జాడీ మళ్ళీ ఎండాకాలం వచ్చేసరికి అడుగంటుతుంది కదా, కిందటేడు బ్రహ్మాండంగా కుదిరిందని ఈ ఏడు పెట్టకుండా ఊరుకోలేం కదా, అలాగే. రాంకింగు తక్కువైతే పెద్ద టోర్నమెంట్లలో నేరుగా చోటు దొరకదు. ముందు అర్హత పోటీలు ఆడాలి. వింబుల్డన్ వంటి వాటిలో మూడు మాచ్ లు వరుసగా గెలిస్తేగాని 128 మంది ఉండే అసలు జాబితాలోకి చేరరు. అందుకే కాలు బెణికి మూడు నెలలు ఇంట్లో కూర్చున్న పిల్లకి నొప్పి కంటే, జారిపోతున్న పాయింట్ల బెంగ ఎక్కువగా ఉంటుంది. అలాంటప్పుడు "ఎప్పుడు ఆడతావు?" అని ఇంట్లోవాళ్ళు రోజూ అడగడం పుండు మీద కారం చల్లినట్టే.

తొందరపడితే ఏమవుతుందో అమెరికాలో ఒక పిల్ల కథ చెబుతుంది. జెన్నిఫర్ కాప్రియాటి 1990 మార్చిలో, పద్నాలుగేళ్ళు నిండడానికి కొద్ది రోజుల ముందు ప్రొఫెషనల్ అయింది. మొదటి టోర్నమెంటులోనే ఫైనల్ కి వెళ్ళింది. ఆ ఏడాదే ఫ్రెంచ్ ఓపెన్ సెమీఫైనల్, 1992లో బార్సిలోనా ఒలింపిక్స్ లో స్టెఫీ గ్రాఫ్ ని ఓడించి బంగారు పతకం. అప్పటికి ఆమెకు పదహారేళ్ళు. 1993లో అమెరికన్ ఓపెన్ మొదటి రౌండులో ఓడిపోయి ఆటకు దూరమైంది. మనసు బాగులేక, చట్టంతో చిక్కుల్లో పడి కొన్నేళ్ళు నలిగిపోయింది. పట్టుదలతో తిరిగి వచ్చి 2001లో ఆస్ట్రేలియన్, ఫ్రెంచ్ కప్పులు రెండూ గెలిచి ప్రపంచంలో మొదటి స్థానానికి చేరిందనుకోండి. కాని మధ్యలో పోయిన బాల్యాన్ని ఎవరు తిరిగి ఇస్తారు?

ఇలాంటివి చూశాకే 1995 నుంచి మహిళా టెన్నిసులో వయసు నిబంధన గట్టిపరిచారు. పద్నాలుగేళ్ళు నిండనిదే ప్రొఫెషనల్ పోటీలు ఆడనివ్వరు. ఆ తరువాత ఏడాదికి ఇన్నే ఆడాలని లెక్క ఉంది, వయసు పెరిగినకొద్దీ ఆ సంఖ్య పెరుగుతుంది. పద్దెనిమిది నిండాకే హద్దు తీసేస్తారు. "మా పిల్లకి సత్తా ఉంటే ఈ అడ్డు ఎందుకూ" అని విసుక్కునే తల్లిదండ్రులున్నారు. అడ్డు పిల్లకు కాదు, పిల్ల చుట్టూ ఉన్న పెద్దవాళ్ళ తొందరకి.

ఆ వయసులో శరీరం కూడా మారుతూ ఉంటుంది. నెలసరి సంగతి ఆడపిల్లలు కోచ్ తో చెప్పుకోలేరు. వింబుల్డన్ లో పైనుంచి కింది దాకా తెల్లబట్టలే అనే నియమం ఎంతోమందిని లోలోపల కంగారు పెట్టేది. 2023 నుంచి ఆడవాళ్ళు స్కర్టు లోపల ముదురు రంగు నిక్కరు వేసుకోవచ్చని అక్కడివాళ్ళు ఒప్పుకున్నారు. అంత పెద్ద చోటే దిగివచ్చి మాట్లాడిన విషయం మనం ఇంట్లో మాట్లాడటానికి ఎందుకు మొహమాటపడాలి?

మళ్ళీ సానియా దగ్గరికి వద్దాం. 2005 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ లో వైల్డ్ కార్డ్ తో ప్రవేశించి, మూడో రౌండులో సెరెనా విలియమ్స్ చేతిలో 6-1, 6-4తో ఓడిపోయింది. మొదటి సెట్లో ఒకటి, రెండో సెట్లో నాలుగు గేములు. ఆ తేడా చూసినవాళ్ళకి పిల్ల ఎక్కడికి వెళ్ళబోతోందో అర్థమైంది. మరుసటి నెలలో హైదరాబాదు కప్పు, ఆపైన దుబాయిలో అమెరికన్ ఓపెన్ విజేత కుజ్నెత్సోవా మీద గెలుపు, ఆ ఏడాదే అమెరికన్ ఓపెన్ లో నాలుగో రౌండు. ఆమె ఆట కంటే ఆమె స్కర్టు పొడుగు గురించి ఎక్కువ చర్చించినవాళ్ళు కూడా అప్పుడే బయల్దేరారు. పద్దెనిమిదేళ్ళ పిల్ల అదీ భరించింది. 2007లో సింగిల్స్ లో 27వ స్థానానికి చేరింది. తరువాత మణికట్టు, మోకాళ్ళ దెబ్బలతో సింగిల్స్ వదులుకోవలసి వచ్చినా, 2015 ఏప్రిల్ లో డబుల్స్ లో ప్రపంచంలోనే మొదటి స్థానం అందుకుంది. పెళ్ళయి బిడ్డ పుట్టాక కూడా తిరిగి వచ్చి గెలిచింది. 2023 ఫిబ్రవరిలో రాకెట్టు పక్కన పెట్టింది. ప్రొఫెషనల్ అయినప్పటినుంచి లెక్కేస్తే ఇరవై ఏళ్ళ ప్రయాణం. అందులో జూనియర్ కప్పు తొలి మజిలీ మాత్రమే.

కాబట్టి మీ ఇంట్లో ఆడే పిల్ల ఉంటే నాలుగు సంగతులు గుర్తుంచుకోండి. చదువు పూర్తిగా మానిపించకండి. సానియా కూడా నాసర్ స్కూల్లో చదువుతూనే ఆడింది, తరువాత సెయింట్ మేరీస్ కాలేజీలో చేరింది. ఇల్లు తాకట్టు పెట్టేముందు, కప్పు రాకపోయినా నడిచే ఖర్చు ఎంతో కాగితం మీద వేసుకోండి. కప్పులు లెక్కపెట్టడం మాని, తనకంటే గట్టి పిల్ల మీద కిందటేడు ఎన్ని గేములు తెచ్చుకుంది, ఈ ఏడు ఎన్ని తెచ్చుకుందో చూడండి. అన్నిటికంటే ముఖ్యం, ఓడి వచ్చిన రోజు సాయంత్రం "ఎందుకు ఓడావు?" అనకండి. కంచంలో వేడివేడిగా అన్నం పెట్టి ఊరుకోండి. మర్నాడు పొద్దున్న ఎవరూ లేపకుండా తనంతట తానే బూట్లు తొడుక్కుంటే, ఆ పిల్ల ఆడుతుంది. తొడుక్కోకపోతే, అది కూడా ఒక జవాబే. దాన్ని గౌరవించడం మన పని.