తొట్టిలోని చేప తొట్టిలోనే: అక్వేరియం చేపల గుర్తింపు, పొత్తు కుదిరే చేపల ఎంపిక

ఇంటికి తొలిసారి గాజు తొట్టి తెచ్చుకునేవారు సాధారణంగా రెండు గోల్డ్‌ఫిష్‌లు, నాలుగు గప్పీలు, వాటికి తోడు ‘ట్యాంక్ క్లీనర్’ అనే నల్లని చేపపిల్లను కొంటారు. వేలెడంత ఉండి, గాజుకు నోరంటించి పాచిని తినే ఆ చేప పిల్లలకూ పెద్దలకూ ముచ్చటగానే ఉంటుంది. కొన్నేళ్లకు అదే చేప మూరెడు పొడవు పెరిగి తొట్టిలో మసలడానికి చోటు చాలదు. అప్పుడు దానిని చెరువులో విడిచిపెడదామన్న ఆలోచన కలుగుతుంది. ప్రాణిని చంపకుండా విడవడం పుణ్యమనిపించవచ్చు. కాని చెరువుకు అది కీడు.

గుర్తించే విధం

ఈ చేప జన్మస్థానం దక్షిణ అమెరికా. నోరు తల అడుగుభాగాన గుండ్రని చూషకంలా ఉంటుంది. ఒంటిపై మామూలు పొలుసులకు బదులు గట్టి ఎముక పలకలు ఉంటాయి. వెన్నుపై రెక్క తెరచాపలా విచ్చుకుంటుంది. ఆ రెక్కలో సాధారణంగా పది లేదా అంతకు మించి ఈనెలు కనిపిస్తాయి. ఆంధ్ర ప్రాంతపు మత్స్యకారులు దీనినే ‘దెయ్యం చేప’ అంటారు. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు నీటిలోని డీఎన్‌ఏ ఆనవాళ్ల ద్వారా తూర్పు కనుమల జలాశయాలలో దీని వ్యాప్తిని గుర్తించారు.

చెరువుకు కలిగే నష్టం

సూలూరు పెద్ద చెరువు, చిన్న చెరువులకు నొయ్యల్ నది నీరే ఆధారం. గుడ్లు పెట్టడానికి ఈ చేప గట్లలో బొరియలు తవ్వుతుంది. అందువలన మట్టికట్టలు బలహీనపడతాయి. దీని ముళ్లకు, పలకలకు చిక్కి వలలు చినుగుతాయి. స్థానిక చేపల మేతకు ఇది పోటీ అవుతుంది. గాలిని కూడా పీల్చగలదు గనుక మురికినీటిలోనూ బ్రతుకుతుంది. వరద వచ్చి చెరువు అలుగు పారితే నొయ్యల్ వెంట కావేరి దాకా చేరగలదు. కనుక తొట్టి చేపను చెరువులోగాని, బావిలోగాని, కాలువలోగాని విడువరాదు.

పొత్తు కుదిరే చేపలు

తొట్టి చేపలను ఎంచుకునేటప్పుడు నాలుగు విషయాలు చూడాలి: పూర్తిగా పెరిగినప్పటి పరిమాణం, స్వభావం, నీటి గుణం, ఉష్ణోగ్రత.

మొదటిది, నోట పట్టేంత చిన్న చేప పెద్ద చేపకు ఆహారమే. ఏంజెల్ పెరిగితే నియాన్ టెట్రాలను మింగుతుంది. ఆస్కార్ పక్కన గప్పీలు మిగలవు.

రెండవది, టైగర్ బార్బ్‌లు పొడవాటి రెక్కలను కొరుకుతాయి; వాటిని ఏంజెల్, గప్పీలతో కలపరాదు. ఒకే తొట్టిలో రెండు మగ ఫైటర్లు ఉంటే పోరు తప్పదు. టెట్రాలు, బార్బ్‌లు గుంపుజీవులు. ఆరింటికి తక్కువ కాకుండా ఉంచాలి.

మూడవది, శిరువాణి నీరు మెత్తనిది. అది టెట్రాలకు, ఏంజెల్‌లకు అనుకూలం. బోరుబావి నీరు తరచు కఠినంగా ఉంటుంది. అది గప్పీ, మోలీ, ప్లాటీలకు సరిపడుతుంది. కుళాయి నీటిని ఒక రోజు వెడల్పాటి పాత్రలో నిలవబెడితే క్లోరిన్ చాలావరకు పోతుంది.

నాలుగవది, గోల్డ్‌ఫిష్‌కు చల్లని నీరు కావాలి. 24 నుండి 28 డిగ్రీల వెచ్చని నీటిలో హాయిగా ఉండే చేపలతో దానికి పొత్తు కుదరదు. పైగా పెరిగిన ట్యాంక్ క్లీనర్ ఒక్కొక్కప్పుడు గోల్డ్‌ఫిష్ ఒంటికి అంటుకొని జిగురుపొరను గీకివేస్తుంది.

పాచి కోసమే చేప కావాలనుకుంటే బ్రిసిల్‌నోస్‌ను ఎంచుకోవచ్చు. అది సుమారు 12 సెంటీమీటర్లకు మించి పెరగదు. ఎదిగిన మగచేప ముక్కుపై కొమ్మలవంటి మీసాలు ఉంటాయి. అయినా ఏ చేపా తొట్టిని పూర్తిగా శుభ్రం చేయదు. వారానికొకసారి నాలుగోవంతు నీటిని మార్చవలసినది మనమే.

కొనే ముందు, కొన్న తరువాత

తమిళం అంతగా రానివారు దుకాణంలో ఈ ఒక్క మాట అడిగినా చాలు: “ఇదు ఎవ్వళవు పెరుసా వళరుం?” అనగా, ఇది ఎంత పెద్దదిగా పెరుగుతుంది? జవాబు మీ తొట్టికి మించితే ఆ చేపను కొనవద్దు. ఇప్పటికే ఇంట్లో చేప తొట్టికి మించి పెరిగి ఉంటే, దుకాణదారు తిరిగి తీసుకుంటారేమో అడగండి; లేదా పెద్ద తొట్టి ఉన్నవారికి ఇవ్వండి. పెంచుకున్న ప్రాణి పట్ల దయకు, ఊరి చెరువు పట్ల బాధ్యతకు రెండింటికీ తగిన మార్గమిదే.