పదేళ్లు పాఠం చెప్పాక ఏ కోర్సు?

పది పదిహేనేళ్లు ఇంగ్లీష్ బోధించిన టీచర్లు కొత్త కోర్సు గురించి వాకబు చేసేటప్పుడు ముందుగా అడిగేది "దేనికి వాల్యూ ఎక్కువండీ?" అనే. దీనికి అందరికీ సరిపోయే జవాబు లేదు. ఆ సర్టిఫికెట్ చూసేది ఎవరన్నదాన్ని బట్టి దాని విలువ మారిపోతుంది. ప్రభుత్వ బడిలో స్కూల్ అసిస్టెంట్ కావాలంటే బీఈడీ, టెట్, డీఎస్సీ దాటి రావాల్సిందే. బ్రిటన్ డిప్లొమా ఎంత గొప్పదైనా అక్కడ బీఈడీకి బదులు కాదు. డిగ్రీ కాలేజీ పోస్టుకు ఎంఏతో పాటు నెట్ గానీ, సెట్ గానీ, పీహెచ్‌డీ గానీ చూస్తారు. గల్ఫ్‌లోనో, మరో దేశంలోనో పెద్దవాళ్లకు ఇంగ్లీష్ నేర్పే సంస్థకు దరఖాస్తు పెడితే మాత్రం కేంబ్రిడ్జ్, ట్రినిటీ పేర్లు అడుగుతారు. ఉద్యోగం మారాలనుకునేవారు ముందు ఆ ఉద్యోగ ప్రకటన తెచ్చుకుని, అందులో ఏం రాశారో చూసి, ఆ తర్వాతే కోర్సు వెతుక్కోవాలి.

ఉద్యోగం మారే ఆలోచన లేదు, పాఠం ఇంకా బాగా చెప్పాలన్నదే కోరిక అనేవారి సంగతి వేరు. ఈ వ్యాసం ముఖ్యంగా వాళ్ల కోసమే. వాళ్లు చూడాల్సింది ఒకటే: ఆ కోర్సులో మన క్లాసును ఎవరైనా వచ్చి చూస్తారా?

ఇది ఎందుకంత ముఖ్యమో ఒక చిన్న ఉదాహరణ. ఎనిమిదో తరగతిలో 'హి యూజ్డ్ టు లివ్ ఇన్ గుంటూర్' అనే వాక్యం చెప్పి, "అర్థమైందా?" అని అడుగుతాం. "యెస్ సార్" అని క్లాసంతా ఒక్క గొంతుతో అంటుంది. పాఠం ముందుకు సాగిపోతుంది. వెనక బెంచీ పక్కన పరిశీలకుడు కూర్చుని ఉంటే, ఆ "యెస్ సార్" అన్న పిల్లల్లో సగం మంది నోట్సు కూడా తెరవలేదని రాసుకుంటాడు. క్లాసు అయ్యాక, "అర్థమైందా అనే బదులు, అతను ఇప్పుడు గుంటూరులో ఉన్నాడా, అప్పట్లో ఒక్కరోజే ఉన్నాడా, చాలాకాలం ఉన్నాడా అని అడిగి ఉంటే?" అంటాడు. ఆ రెండు ప్రశ్నలు మర్నాటి నుంచి మన పాఠాన్నే మార్చేస్తాయి. అనుభవం ఎంత ఉన్నా మన వీపు మనకు కనబడదు కదా.

ఈ కొలతతో చూస్తే కేంబ్రిడ్జ్ వారి డెల్టా అనుభవజ్ఞులకు నిజంగా పనికొచ్చే కోర్సు. ఇందులో మూడు మాడ్యూళ్లు. మొదటిది రాతపరీక్ష. మూడోది మనం ఎంచుకున్న రంగంలో కోర్సు రూపకల్పన మీదనో, విద్యాసంస్థ నిర్వహణ మీదనో రాసే సుదీర్ఘమైన అసైన్‌మెంట్. అసలు ప్రాణం రెండోదానిలో ఉంది. పరిశీలకుల ముందు పాఠాలు చెప్పాలి, ప్రతి పాఠానికీ ఆ ప్లాన్ ఎందుకలా వేసుకున్నామో ముందుగా రాసివ్వాలి, చివరి పాఠానికి బయటి పరీక్షకుడు వస్తాడు. మూడింటినీ ఏ వరుసలోనైనా, ఏళ్ల ఎడంతోనైనా చేయవచ్చు. దేని సర్టిఫికెట్ దానికే ఇస్తారు. ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ చదివేవారికి ఇది పెద్ద వెసులుబాటు. ట్రినిటీ వారి డిప్‌టీసోల్ కూడా ఇదే స్థాయిది.

ఎక్కువమంది విన్న పేరు సెల్టా. అది ప్రధానంగా కొత్తవారి కోసం పెట్టిన కోర్సు: కనీసం 120 గంటల శిక్షణ, అందులో ఆరు గంటలు నిజమైన విద్యార్థులకు బోధించాలి. ఎన్నడూ ఎవరూ తమ క్లాసు చూడని సీనియర్లకు అదీ మేలే చేస్తుంది. టీకేటీ అంటే జవాబు గుర్తించే పరీక్ష మాత్రమే, క్లాసు చెప్పే పని ఉండదు. పారిభాషిక పదాలు పట్టుబడటానికి సరిపోతుంది. ఆన్‌లైన్‌లో వారంలో చేతికొచ్చే టెఫెల్ సర్టిఫికెట్లు కొన్నింటి మీద కూడా 120 గంటలనే ఉంటుంది. పిల్లల ముందు నిలబడే గంటలు మాత్రం వాటిలో ఉండవు.

మన దగ్గరున్న వాటిని తక్కువ చేయకూడదు. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్‌గా హైదరాబాద్‌లో మొదలై, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన ఇఫ్లూ పుట్టిందే ఇంగ్లీష్ టీచర్ల కోసం. అక్కడి పీజీసీటీఈ, పీజీడీటీఈ కోర్సులు చదివినవారు తెలుగు పిల్లల ఇంగ్లీష్ కష్టాలను పరాయి పుస్తకాల కంటే దగ్గరగా అర్థం చేసుకోగలరు. ప్రభుత్వ టీచర్లకు బెంగళూరులోని దక్షిణ భారత ప్రాంతీయ ఆంగ్ల సంస్థలో 30 రోజుల శిక్షణ ఉంది. డిప్యుటేషన్ అవకాశం వస్తే వదులుకోవద్దు. ఏటా కనీసం 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. ఆ గంటలు వీడియోలు చూడటంతోనే గడిచిపోతే క్లాసులో మారేది చాలా తక్కువ.

ఫీజు కట్టే ముందు ఆ సంస్థకు ఫోన్ చేయండి. "నా క్లాసును ఎవరు చూస్తారు, ఎన్నిసార్లు చూస్తారు, చూశాక నాతో ఎంతసేపు మాట్లాడతారు?" అని అడగండి. సూటిగా జవాబు రాకపోతే ఆ డబ్బు మరో మంచి కోర్సుకు దాచుకోండి.