పాత బస్సు... కొత్త ఓనరు!

రంగు చూసి కొంటే రిపేర్లు, రికార్డు చూసి కొంటే రాబడి! సెకండ్‌హ్యాండ్ బస్సు కొన్నాక మొదటి నెలలో ఏం చేశారన్నదాని మీదే పెట్టిన డబ్బూ, అందులో ఎక్కినవాళ్ల ప్రాణాలూ ఆధారపడి ఉంటాయి.

పెళ్లివారిని మోసుకెళ్లే బస్సు... బడిపిల్లల్ని దించే పచ్చబస్సు... శబరిమల సీజనొస్తే తీరిక లేకుండా తిరిగే టూరిస్టు బస్సు. రోడ్డు మీద కనిపించే ఇలాంటి బస్సుల్లో ఎన్నింటికో మొదటి యజమాని వేరు, ఇప్పుడు నడుపుతున్న యజమాని వేరు. కొత్త బస్సంటే చాసిస్‌కి కొంత, బాడీకి కొంత... అంతా లక్షల్లో లెక్క. పెద్ద ఏసీ కోచ్‌లైతే కోటి దాటినవీ ఉన్నాయి. అందుకే ఏళ్లపాటు ఇంకొకరి బస్సుకి స్టీరింగ్ పట్టిన డ్రైవరు, రెండు మూడు కార్లు కిరాయికి తిప్పే ట్రావెల్స్ యజమాని, చిన్న బడి నడిపే మాస్టారు... అందరి చూపూ పాత బస్సు మీద పడుతుంది.

తప్పేం లేదు. బాగా చూసుకున్న బస్సు రెండో యజమాని దగ్గర కూడా ఏళ్ల తరబడి అన్నం పెడుతుంది. కాకపోతే పాత కారు మొరాయిస్తే ఇబ్బంది పడేది ఇంట్లో నలుగురే. బస్సు మొరాయిస్తే నడిరోడ్డున నిలబడేది నలభై మంది. అందుకే బస్సు కొనడం ఒక రోజు పని, దాన్ని తెలుసుకోవడం నెల రోజుల పని అంటారు అనుభవజ్ఞులు.

మెరుపు బాడీది... బలం చాసిస్‌ది

అమ్మకానికి వచ్చిన బస్సు పెళ్లికూతురిలా ముస్తాబై ఉంటుంది. కొత్త పెయింటు, కొత్త సీటు కవర్లు, అద్దం మీద పూలదండ. కానీ టింకరింగ్ చేసి, పుట్టీ పూసి, రంగు కొడితే తుప్పు కనిపించదు. మాయం మాత్రం కాదు! అందుకే తెలిసిన మెకానిక్కుని వెంటబెట్టుకెళ్లి ముందు బస్సు కిందికి చూడాలి. చాసిస్ పొడవునా పగుళ్లున్నాయా, వెల్డింగ్ అతుకులున్నాయా, కమాన్ కట్టల్లో విరిగిన ఆకులున్నాయా, బాడీని చాసిస్‌కి బిగించిన బోల్టులు వదులయ్యాయా అన్నది ముఖ్యం. మెట్ల దగ్గర, చక్రాల పైన, డిక్కీల అడుగున తుప్పు ముందు మొదలవుతుంది.

ఇంజిన్‌ని చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాలి. బేరగాళ్లు వచ్చేలోపే వేడెక్కించి ఉంచితే అనుమానించాల్సిందే. పొగ కూడా జాతకం చెబుతుంది. నల్లగా వస్తే డీజిల్ సరిగా మండటం లేదని, నీలంగా వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతోందని, వేడెక్కాక కూడా తెల్లగా వస్తుంటే నీళ్లో, మండని డీజిలో బయటికొస్తోందని అర్థం.

కాగితాలూ చేతులు మారాలి

బస్సు ఇంటికొచ్చేసింది కదా అని కాగితాల సంగతి మరిచిపోతే అసలుకే మోసం. ఆర్‌సీలో ఉన్న చాసిస్ నంబరూ, బండి మీద చెక్కిన నంబరూ అక్షరం పొల్లుపోకుండా ఒకటేనేమో చూడాలి. పేరు మార్పిడికి 29, 30 ఫారాలు కావాలి. పాత యజమానికి ఫైనాన్స్ బాకీ ఉంటే అది తీరినట్టు 35వ ఫారం, బండి వేరే రాష్ట్రానిదైతే 28వ ఫారంతో ఎన్‌వోసీ తప్పనిసరి. కొన్నవాళ్లు 30 రోజుల్లోగా రవాణా శాఖకు తెలియజేయాలి. బీమా కంపెనీకి 14 రోజుల్లోగా చెప్పి పాలసీ పేరు మార్పించుకోవాలి.

బస్సులకు మూడు నెలలకోసారి కట్టే పన్ను సీట్ల లెక్కన ఉంటుంది. పాత బాకీలు, చలాన్లు ఉన్నాయేమో ముందే ఆన్‌లైన్‌లో చూసుకోవడం మేలు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌ని, అదే మన ఎఫ్‌సీని, ఎనిమిదేళ్లు దాటిన బస్సుకి ఏటా చేయించాలి. ఇక పర్మిట్టు. కాంట్రాక్ట్ క్యారేజీ పర్మిట్టుతో పెళ్లిబృందాన్నో, యాత్రికులనో గంపగుత్తగా తీసుకెళ్లొచ్చు. దారిలో చెయ్యెత్తినవాళ్లనల్లా ఎక్కించుకుంటూ పోవడానికి మాత్రం కుదరదు. ఆ తేడా తెలియక మొదటి ట్రిప్పులోనే బండిని సీజ్ చేయించుకునేవాళ్లూ ఉంటారు.

ముందు అన్నీ మార్చేయండి!

‘ఆయిల్ మొన్ననే మార్పించాం’ అని పాత యజమాని చెప్పొచ్చు. నిజమే కావచ్చు కూడా. అయినా ఇంజిన్ ఆయిలు, గేర్ బాక్స్ ఆయిలు, వెనక హౌసింగ్ ఆయిలు, డీజిల్ ఫిల్టర్లు, ఎయిర్ ఫిల్టరు, కూలెంటు, ఫ్యాన్ బెల్టులు... అన్నీ ఒకేసారి మార్చేసి, ఆ రోజు మీటరు రీడింగు రాసిపెట్టుకోవడమే తెలివైన పని. అక్కణ్నుంచి లెక్క మీది. ఏది ఎప్పుడు మార్చాలో ఇంకొకరిని అడగాల్సిన పనుండదు. పాత ఆయిలు తీసేటప్పుడు దాన్ని కూడా ఓసారి పరిశీలించాలి. మజ్జిగలా తెల్లగా ఉంటే అందులో నీళ్లు కలుస్తున్నట్టు. ఇనుప రజను మెరుస్తుంటే లోపల ఏదో అరుగుతున్నట్టు.

రేడియేటర్‌లో బోరు నీళ్లు పోసే అలవాటు మానుకోవాలి. ఆ ఉప్పు లోపల పేరుకుని దారులు పూడుకుపోతాయి. టర్బో ఉన్న బస్సుని దూరప్రయాణం నుంచి వచ్చీ రాగానే ఆపేయకూడదు. రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో ఉంచితే టర్బో చల్లబడుతుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బస్సుల్లో చాలావాటికి డీజిల్‌తోపాటు పొగను శుభ్రం చేసే డీఈఎఫ్ అనే యూరియా ద్రావణం కోసం వేరే ట్యాంకు ఉంటుంది. పొరపాటున ఒకదాంట్లో పోయాల్సింది ఇంకోదాంట్లో పోస్తే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

గాలే బ్రేకు

కారు నుంచి బస్సుకి మారినవాళ్లకు కొత్తగా అనిపించేది ఎయిర్ బ్రేకు. ఇంజిన్‌తో తిరిగే కంప్రెషర్ గాలిని ట్యాంకుల్లో నింపుతుంది. పెడల్ తొక్కితే ఆ గాలే బ్రేకు వేస్తుంది. సాధారణంగా ట్యాంకుల్లో 100 నుంచి 120 పీఎస్ఐ దాకా ఒత్తిడి ఉంటుంది. అది బాగా పడిపోతే బజరు మోగుతుంది, ఎర్ర దీపం వెలుగుతుంది. చాలా బస్సుల్లో పార్కింగ్ బ్రేకు దీనికి పూర్తిగా తిరకాసు. దాన్ని స్ప్రింగు పట్టి ఉంచుతుంది, గాలి వదిలిస్తుంది. గాలి పూర్తిగా పోతే చక్రాలు వాటంతటవే బిగుసుకుపోయేది అందుకే.

పొద్దున్నే చేయాల్సిన పరీక్ష ఒకటుంది. గాలి నిండాక, బండి కదలకుండా చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టి ఇంజిన్ ఆపి, బ్రేకు పెడల్ తొక్కి ఒక నిమిషం పట్టుకోవాలి. గేజీలో ముల్లు జారిపోతుంటే ఎక్కడో లీకున్నట్టే. లైన్లు సబ్బునీళ్లతో తడిపితే బుడగలు ఆ చోటుని పట్టిస్తాయి. గాలిలోని తేమ ట్యాంకుల్లో నీరుగా చేరుతుంది కాబట్టి అడుగున ఉండే వాల్వు తెరిచి ఆ నీటిని రోజూ వదిలేయాలి. బ్రేకు లైనర్లు అరిగేకొద్దీ చక్రాల దగ్గరుండే స్లాక్ అడ్జస్టర్లు సరిగ్గా ఉన్నాయో లేదో మెకానిక్‌తో చూపించాలి.

గాలి బెలూన్ల సస్పెన్షన్ ఉన్న బస్సుతో ఇంకో ప్రమాదం ఉంది. బెలూన్‌లో గాలి పోతే టన్నుల బరువు ఒక్కసారిగా కిందికి దిగిపోతుంది. చాసిస్ కింద గట్టి స్టాండ్లు పెట్టకుండా క్లీనరునిగానీ మెకానిక్కునిగానీ అడుగుకి పంపకూడదు. ఉత్త జాకీని నమ్ముకోవడం కూడా ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

టైరుకీ పుట్టినరోజుంది

టైరు పక్కన చిన్న గడిలో నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. బటన్ బాగానే ఉన్నా ఏళ్లు గడిచిన రబ్బరు ఎండకు బీటలు వారి, వేగంలో పేలిపోవచ్చు. పాత బస్సుకి బాగా కనిపించే టైర్లు వేసి అమ్మడం మామూలే కాబట్టి ఆ అంకెలు చదవడం కొనేవాళ్లు నేర్చుకోవాలి. కొత్త తొడుగు అతికించిన రీట్రేడింగ్ టైర్లు ముందు చక్రాలకు వద్దు. ముందు టైరు పేలితే స్టీరింగ్ చేతిలో ఉండదు.

వెనక జంట టైర్లలో లోపలిది గాలి పోయినా బయటిది నిలబెట్టేస్తుంది. చూడ్డానికి అంతా బాగానే ఉంటుంది. కానీ బరువంతా ఒక్కదాని మీదే పడి అది కాగిపోతుంది. ఒక్కోసారి మంటలూ లేస్తాయి. అందుకే టైరు చల్లగా ఉన్నప్పుడే గేజీతో గాలి కొలవాలి. దారిలో ఆగిన ప్రతిచోటా క్లీనరు రాడ్డుతో టైర్లను కొట్టి వినేది ఉబుసుపోక కాదు... శబ్దంలో తేడా కోసమే.

తీగ చిన్నదే... మంట పెద్దది

2013 అక్టోబరు 30 తెల్లవారుజామున బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న బస్సు మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర కల్వర్టును ఢీకొని తగలబడింది. 45 మంది చనిపోయారు. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న బస్సు కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద ఓ మోటారు సైకిల్‌ని ఈడ్చుకెళ్లి మంటల్లో చిక్కుకుంది. 19 మంది ప్రయాణికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. బస్సు అంటుకుంటే బయటపడే వ్యవధి ఎంత తక్కువో ఈ రెండూ చెబుతాయి.

పాత బస్సులో వైరింగ్ ఓ చిక్కుముడి. ఒక యజమాని రంగుల దీపాలు పెట్టిస్తాడు, ఇంకొకరు టీవీ బిగిస్తారు, మరొకరు సీటుసీటుకీ ఛార్జింగ్ పాయింట్లు ఇస్తారు. ఎవరి తీగలు వాళ్లవే! కొన్న వెంటనే మంచి ఎలక్ట్రీషియన్‌తో మొత్తం వెతికించి పనికిరానివన్నీ తీసేయించాలి. కాలిపోయిన ఫ్యూజు బదులు రాగి తీగ చుట్టి ఉంటే అది నిప్పుకి పిలుపే. బస్సులో రెండు 12 వోల్టుల బ్యాటరీలు కలిసి 24 వోల్టులు ఇస్తాయి. పాటల సిస్టమ్ కోసం ఒక్క బ్యాటరీ నుంచే కరెంటు లాగితే ఒకటి ఆకలితో, రెండోది అజీర్తితో పాడవుతాయి. 24ని 12గా మార్చే కన్వర్టర్ పెట్టించుకోవడమే పద్ధతి.

ఎమర్జెన్సీ డోరు చేత్తో తోస్తే తెరుచుకుంటోందా, దానికి అడ్డంగా సీటుగానీ బెర్తుగానీ బిగించారా, అద్దాలు పగలగొట్టే సుత్తులు వాటి చోట ఉన్నాయా, మంటలార్పే సిలిండర్ల గడువు ఉందా... ఇవి ఎఫ్‌సీ రోజు కోసం కాదు, ప్రతి ట్రిప్పుకీ చూడాల్సినవి.

స్టీరింగ్ పట్టే చేతులు

బండి ఎంత మంచిదైనా నడిపేవాళ్లని బట్టే దాని ఆయుష్షు. కొత్తగా చేతికొచ్చిన బస్సుని మొదట ఖాళీగా తిప్పాలి. బ్రేకు ఎంత దూరంలో పడుతోంది, మలుపులో వెనక భాగం ఎంత బయటికి ఊగుతోంది, అద్దాల్లో కనిపించని చోటేది అన్నవి తెలియాలి. జనం ఎక్కాక ఆ లెక్క మళ్లీ మారుతుంది. బరువు పెరిగేకొద్దీ ఆగే దూరమూ పెరుగుతుంది.

శ్రీశైలం, అరకు లాంటి ఘాట్లలో దిగేటప్పుడు చిన్న గేరులోనే దిగాలి. ఎగ్జాస్ట్ బ్రేకు ఉంటే వాడాలి. కిందిదాకా పెడల్ తొక్కుతూనే ఉంటే డ్రమ్ములు కాగిపోయి, అవసరమైనప్పుడు బ్రేకు పట్టదు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదలడం మిగిల్చేదేమీ లేదు, మీదికి తెచ్చేదే ఎక్కువ. రాత్రి దూరప్రయాణాలకు ఇద్దరు డ్రైవర్లు ఉండాల్సిందే. రెండో డ్రైవరుకి పడుకునే చోటూ ఉండాలి.

రూపాయికి కాపలా... ఓ నోటుపుస్తకం

లీటరుకి నాలుగు కిలోమీటర్లిచ్చే బస్సు 600 కిలోమీటర్ల ట్రిప్పుకి 150 లీటర్ల డీజిల్ తాగుతుంది. అదే మూడున్నరకి పడిపోతే 171 లీటర్లు. ఒక్క ట్రిప్పులో 21 లీటర్ల తేడా! బ్రేకు పట్టేస్తోందా, టైర్లలో గాలి తగ్గిందా, ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయిందా అని ఆ రోజే వెతికితే వందలతో పోతుంది. నెలాఖరుకి చూద్దామంటే వేలకు చేరుతుంది. అందుకే ప్రతి ట్రిప్పుకీ కిలోమీటర్లు, డీజిలు, పోసిన ఆయిలు, చేయించిన పని తేదీతో సహా రాయాలి. కిరాయి డబ్బులోంచి టైర్లకు, ఎఫ్‌సీకి, బీమాకి కొంత పక్కన పెట్టాలి. చేతికొచ్చిందంతా లాభమనుకుంటే ఆరు టైర్లు ఒకేసారి మార్చాల్సిన రోజున మళ్లీ అప్పే దిక్కు. ఇలా రాసుకున్న పుస్తకం బస్సు అమ్మే రోజున కూడా పనికొస్తుంది. కొత్త పెయింటు కంటే దాన్ని చూపిస్తేనే మంచి ధర పలుకుతుంది.

బస్సు మాట్లాడుకుంటున్నారా?

పెళ్లికో, తీర్థయాత్రకో కిరాయికి తీసుకునేవాళ్లు బేరమాడటంతో సరిపెట్టకుండా ఈ నాలుగూ అడగాలి.
• బస్సు నంబరు తీసుకుని ఎఫ్‌సీ, బీమా, పర్మిట్టు గడువుల్ని ఆన్‌లైన్‌లో చూసుకోండి.
• బయల్దేరే ముందు ఎమర్జెన్సీ డోరు తెరిపించి చూడండి. అద్దాలు పగలగొట్టే సుత్తులు ఎక్కడున్నాయో పిల్లలకూ చూపించండి.
• రాత్రి ప్రయాణమైతే రెండో డ్రైవరు ఉన్నాడో లేదో కనుక్కోండి.
• వంటగ్యాసు సిలిండర్లు, కిరోసిన్, టపాకాయలు బస్సులో పెట్టకండి. నడిచే దారిలో సామాన్లు అడ్డం లేకుండా చూడండి.
ఇవన్నీ అడిగితే మంచి యజమాని విసుక్కోడు. ఎవరైనా విసుక్కుంటే ఇంకో బస్సు చూసుకోవడం మంచిది.