సోలాపూర్ డాక్టరు, చైనా పేరు

సోలాపూర్ అనగానే మనకు దుప్పటి గుర్తొస్తుంది. మగ్గం పని వెతుక్కుంటూ వెళ్లిన పద్మశాలీలు తరాలుగా అక్కడే స్థిరపడటంతో మరాఠీ ఊళ్లో తెలుగు కూడా ఇంటి భాషే అయింది. అదే ఊళ్లో, భయ్యా చౌక్‌లో ఒక డాక్టరు ఇల్లు ఇప్పుడు స్మారక భవనం. ఆయన ద్వారకానాథ్ కోట్నిస్. పుట్టింది 1910 అక్టోబరు 10న.

జపాన్ సేనలతో పోరాడుతున్న చైనాకు వైద్యుల్ని పంపమని జనరల్ జూ డే నెహ్రూను కోరారు. నాటి కాంగ్రెస్ అధ్యక్షుడు సుభాష్ చంద్రబోస్ పిలుపుతో జనం చందాలు వేసుకున్నారు. 1938 సెప్టెంబరులో ఐదుగురు డాక్టర్లు బొంబాయిలో ఓడెక్కారు. వారిలో ఒకరైన కోట్నిస్‌కు అప్పటికి 28 నిండలేదు. ఓడలో ఊరికే కూర్చోలేదాయన, చైనా మాటలు ఒక్కొక్కటిగా రాసుకున్నారు. ఆ పదాల పుస్తకం హెబెయ్ రాష్ట్రం షిజియాజువాంగ్‌లోని అమరవీరుల వనం మ్యూజియంలో, ఆపరేషన్ పనిముట్లతో పాటు భద్రంగా ఉంది. నా మటుకు కత్తులకన్నా ఆ పుస్తకమే గొప్ప. తర్వాత ఆయన విద్యార్థులకు వైద్యం బోధించింది చైనా భాషలోనే మరి!

అక్కడివాళ్లు ఐదుగురి పేర్ల చివరా ‘హువా’ చేర్చారు. హువా అంటే చైనా. కోట్నిస్ ‘కె దిహువా’ అయ్యారు. యుద్ధరంగంలో ఒకసారి 72 గంటలు ఏకబిగిన ఆపరేషన్లు చేశారు. అదే చైనాలో పనిచేస్తున్న కెనడా సర్జన్ నార్మన్ బెథూన్ ఆపరేషన్‌లో వేలు తెగి, రక్తం విషమై 1939లో పోయారు. ఆయన పేరిట వెలసిన ఆసుపత్రికి 1941లో కోట్నిస్ అధిపతి. అక్కడి నర్సు గువో చింగ్‌లాన్‌ను పెళ్లాడారు. మరుసటి ఆగస్టులో కొడుకు పుట్టాడు. పేరు యిన్‌హువా: యిన్ అంటే ఇండియా. బిడ్డకు నాలుగు నెలలైనా నిండకుండానే, 1942 డిసెంబరు 9న, మూర్ఛ తండ్రిని తీసుకుపోయింది. అప్పటికి ఆయనకు 32 ఏళ్లు. మిగతా నలుగురూ ఇల్లు చేరారు. 1946లో వి.శాంతారాం ఈ కథను హిందీలో సినిమా తీసి, తానే కోట్నిస్ వేషం కట్టారు.

ఆయన ఇల్లు చూడాలంటే, హైదరాబాద్ నుంచి సోలాపూర్ రోడ్డున సుమారు 300 కిలోమీటర్లు. ముంబయి వెళ్లే రైళ్లు చాలావరకు అక్కడ ఆగుతాయి. స్టేషన్ నుంచి భయ్యా చౌక్‌కు ఆటోలో కాసేపే. మరాఠీ రాకపోతే దారి తెలుగులోనే అడిగి చూడండి.