ఇంటర్‌పోల్ ఎవరినీ అరెస్టు చేయదు

‘‘దుబాయిల బ్యాంకు లోను ఎగ్గొట్టి వచ్చిండట, ఇంటర్‌పోల్ పోలీసులొచ్చి గుంజుకపోతరట!’’ బాన్సువాడ వంటి గల్ఫ్ బాట పట్టిన ఊళ్లలో ఈ భయం కొత్తది కాదు. ఇందులో నిజమెంతో చూద్దాం.

అపోహ: ఇంటర్‌పోల్ పోలీసులు ఏ దేశంలోనైనా దిగి మనిషిని పట్టుకుపోతారు.

వాస్తవం: అలాంటి పోలీసులే లేరు. ఫ్రాన్స్‌లోని లియోన్ కేంద్రంగా 196 దేశాల పోలీసుల మధ్య సమాచారం చేరవేసే సంస్థ అది. మనదేశం 1949లో చేరింది. మన తరఫున దానితో వ్యవహరించేది సీబీఐ. బాన్సువాడ ఠాణాలో కేసున్నవాడు మస్కట్ పారిపోతే ఇక్కడి సీఐ నేరుగా లియోన్‌కు రాయలేడు. ఫైలు రాష్ట్ర పోలీసుల నుంచి సీబీఐకి, అక్కణ్నుంచి ఇంటర్‌పోల్‌కు వెళ్లాలి. ఉత్తరాలు, ఫ్యాక్సులు, ఈమెయిళ్లతో సాగుతూ వచ్చిన ఈ పని కోసం 2025 జనవరిలో ‘భారత్‌పోల్’ పోర్టల్ తెచ్చారు.

అపోహ: రెడ్ కార్నర్ నోటీసు వస్తే పని అయిపోయినట్టే.

వాస్తవం: అది వారెంటు కాదు, వినతి. ‘ఇతను మాకు కావాలి, దొరికితే మీ చట్టం ప్రకారం ఆపి ఉంచండి, అప్పగింతకు అడుగుతాం’ అని దాని సారాంశం. దానికి ఎంత విలువ ఇవ్వాలన్నది ఆ దేశం ఇష్టం. అప్పగింత వేరే తతంగం: ఒప్పందాలు, కోర్టులు, అప్పీళ్లు. వజ్రాల వ్యాపారి మెహుల్ చోక్సీపై ఉన్న రెడ్ నోటీసును ఇంటర్‌పోల్ 2022లో తొలగించింది. అయినా 2025 ఏప్రిల్‌లో బెల్జియం పోలీసులు మన ప్రభుత్వ వినతిపై ఆయన్ని అరెస్టు చేశారు. నోటీసు లేకున్నా పని జరిగిందన్నమాట. తెలంగాణ ఫోన్ ట్యాపింగ్ కేసులో టీవీలు నెలల తరబడి రెడ్ కార్నర్ మాటే చెప్పాయి. చివరికి అమెరికాలో ఉన్న నిందితుడు, మాజీ పోలీసు అధికారి ప్రభాకర్‌రావు 2025 జూన్‌లో వచ్చింది, సుప్రీంకోర్టు అరెస్టు నుంచి మధ్యంతర రక్షణ ఇచ్చాకే.

లుకౌట్ సర్క్యులర్‌నూ దీంతో కలిపేస్తుంటారు. అది మన ఇమిగ్రేషన్ వాళ్ల కాగితం. శంషాబాద్ విమానాశ్రయంలో ఆపుతుంది, దుబాయిలో కాదు.

ఇక ఆ లోను సంగతి. రెడ్ నోటీసుకు నేరం తీవ్రమైనదై ఉండాలి, దాని గరిష్ఠ శిక్ష రెండేళ్లకు తగ్గకూడదు. ప్రైవేటు తగాదాలకు ఇంటర్‌పోల్ నిబంధనలు ఒప్పుకోవు. రాజకీయ, మత, సైనిక, జాతి వ్యవహారాల్లోనైతే తలదూర్చడమే నిషేధం. కాబట్టి మోసమో ఫోర్జరీయో లేని మామూలు బాకీకి ఇంటర్‌పోల్ రాదు. అలాగని బాకీ మాఫీ అయిందనుకోవద్దు. 2020 జనవరి నుంచి యూఏఈ సివిల్ కోర్టుల డిక్రీలను మన జిల్లా కోర్టుల్లో అమలు చేయించుకునే వీలుంది. బెదిరింపు ఫోన్లకు వణికేకన్నా, వచ్చిన కాగితాన్ని వకీలుకు చూపించడం మేలు.

అపోహ: ఇంటర్‌పోల్ అధికారి వీడియో కాల్ చేసి విచారిస్తాడు.

వాస్తవం: ఎన్నడూ చేయడు. ‘డిజిటల్ అరెస్టు’ అంటూ డబ్బడిగేవాడు దొంగ. ఫోన్ పెట్టేసి 1930కి చెప్పండి.

అపోహ: నోటీసులన్నీ నేరస్థుల కోసమే.

వాస్తవం: నీలం రంగుది ఒకరి ఆచూకీ, గుర్తింపు వంటి సమాచారం కోసం. నల్లది గుర్తు తెలియని శవాల కోసం. మన పల్లెలకు అన్నిటికన్నా అక్కరకొచ్చేది పసుపు రంగుది, తప్పిపోయినవాళ్ల కోసం. గల్ఫ్‌లో మనిషి జాడ తెలియకపోతే చాలా కుటుంబాలు ఏజెంటు చుట్టూ తిరుగుతూ కాలం పోగొట్టుకుంటాయి. పసుపు నోటీసుకు మొదటి మెట్టు మన ఊరి ఠాణాలో ఇచ్చే ఫిర్యాదే. దాంతోపాటు విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లోనూ నమోదు చేయండి. మీ ఇంట్లోంచి ఎవరైనా గల్ఫ్‌కు బయలుదేరుతుంటే పాస్‌పోర్టు, వీసా జిరాక్సులు, కంపెనీ చిరునామా ఇంట్లో పెట్టించుకోండి. ఠాణాలో ముందుగా అడిగేవి అవే.